ఒక్కసారి పాస్‌వర్డ్ కొడితే చాలు
మా ఆఫీసు ఏలూరులో. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల నుంచి సీసాల్లో నీళ్ళు వస్తాయి. ల్యాబ్‌లో పరీక్షించి రిపోర్టు వెబ్‌సైట్‌లో పెడతారు, రైతులు ఫోన్లో చూసుకుంటారు. కంప్యూటర్ల బాధ్యత నాది.

ల్యాబ్‌లో ఒక పెద్దావిడ ఉన్నారు. రోజూ తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వస్తారు. సీసా ఎత్తి వెలుతురులో చూసి చెరువు ఎలా ఉందో చెప్పగల మనిషి. కానీ హాజరుకి ఒక పాస్‌వర్డ్, శాంపిల్ నమోదుకి ఒకటి, రిపోర్టుకి ఇంకొకటి. ఒకదాని బదులు ఒకటి కొట్టేవారు. మూడుసార్లు తప్పితే అకౌంటు లాక్, రిపోర్టు ఆలస్యం. విసిగిపోయిన మేనేజరు గారు సోమవారం నుంచి ఆవిణ్ణి సీసాలు కడిగే పనికి మారుస్తానన్నారు.

నాకు ఒళ్ళు మండింది. “తప్పు ఆవిడది కాదండీ, మన సిస్టమ్‌ది. సోమవారానికి అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ చేసిపెడతాను” అనేశాను. కోపంలో మాటిచ్చి తర్వాత తల పట్టుకోవడం నాకు అలవాటే.

పొద్దున్న కంప్యూటర్ తెరిచేటప్పుడు పాస్‌వర్డ్ కొడితే, ఆ రోజుకి అదే ఆఖరు కావాలి. ఆ తర్వాత ఏ పేజీ తెరిచినా మా వెబ్ సర్వరే మనిషిని గుర్తుపట్టి లోపలికి పంపాలి. రెండు రోజులు సెట్టింగులతో కుస్తీ పట్టాను. శనివారానికి ల్యాబ్ తప్ప ఆఫీసులో అందరికీ పనిచేసింది. ఆ రోజు నా నడకే మారిపోయింది.

సోమవారం ల్యాబ్ కంప్యూటర్ నా పొగరు దింపింది. ఏ పేజీ తెరిచినా మళ్ళీ పాస్‌వర్డే అడుగుతోంది. అరగంటలో మేనేజరు గారు వస్తారు.

“సరిగ్గా కొట్టారాండీ?” అని కసిరాను.

“కొట్టానండీ,” అన్నారావిడ మెల్లగా.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను ఆవిడ మీద పడ్డాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సర్వర్ రాసుకున్న లాగ్ తెరిచి చూశాను. సర్వర్ టైముకీ ఈ కంప్యూటర్ టైముకీ పొంతన లేదని అందులో ఉంది. స్క్రీన్ మూల చూశాను, పది నలభై. నా ఫోన్లో పదిన్నర.

“ఇదేంటండీ, టైం ముందుంది?”

“మేమే పెట్టుకున్నామండీ. పది నిమిషాలు ముందుంటే సాయంత్రం రైలు తప్పిపోదు. గోడ గడియారమూ అంతేనండీ.”

ఐదు నిమిషాలకి మించి తేడా ఉంటే సర్వర్ ఎవరినీ నమ్మదు, కంప్యూటర్ పంపిన గుర్తింపుని దొంగ చీటీ అనుకుంటుంది. ఏలూరు బజారులో వాచీలు బాగుచేసి మమ్మల్ని పెంచిన మనిషి కొడుకుని, నాకే ఇది తట్టలేదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. గోడ గడియారం జోలికి పోకుండా కంప్యూటర్ టైం ఒక్కటే సరిచేశాను.

మేనేజరు గారొచ్చి వెనక నిలబడ్డారు. ఆవిడ కంప్యూటర్ తెరిచి ఒక్కసారి పాస్‌వర్డ్ కొట్టారు. హాజరు తెరుచుకుంది, శాంపిళ్ళు తెరుచుకున్నాయి, రిపోర్టు పేజీ మీద ఆవిడ పేరు దానంతటదే వచ్చి కూర్చుంది. దెందులూరు చెరువు రిపోర్టు నిమిషంలో వెళ్ళిపోయింది. నాకు గట్టిగా ఈల వేయాలనిపించింది.

“సీసాలకి ఇంకొకరిని చూస్తాలెండి,” అన్నారు మేనేజరు గారు.

ఆయన వెళ్ళాక నేను క్షమాపణ చెప్పబోయాను. ఆవిడ నా మాట వినడం లేదు, స్క్రీన్ మీద తన పేరునే చూసుకుంటున్నారు.

“ఇరవై ఏళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్నానండీ,” అన్నారు. “నువ్వెవరని అడక్కుండా ఇది నన్ను లోపలికి రానివ్వడం ఇవాళేనండీ.”