గదికి గడియ ఉందా?

కువైట్‌లో, మిష్రిఫ్‌లో నేను కారు నడిపే ఇంట్లో పనిమనిషిని కుదుర్చుకోవాలంటే ఇంటర్వ్యూ నా నోటి మీదుగానే జరగాలి. మా కడప వైపు ఆడవాళ్లు వస్తే ఇంటావిడ అరబ్బీలో అడుగుతుంది, నేను తెలుగులో చెబుతాను. ఇంటావిడను ఇక్కడ పనివాళ్లందరం మామా అంటాం. ఆమె నా కూతురి వయసుది. అయినా మామాయే.

దజీజ్‌లో ఒక పెద్ద గోడౌన్‌కు సూపర్‌వైజరుగా ఉన్న రాయచోటి సాయిబు ఒకాయన నాకు స్నేహితుడు. వాళ్ల కంపెనీలో ఇంటర్వ్యూ చేసేవాళ్లకు గట్టిగా చెప్పారట: పెళ్లయిందా, పిల్లల్ని కంటావా, ఏ మతం అని అడగరాదు, పని గురించే అడగాలి అని. విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. అట్టపెట్టెలు మోసేవాడికి ఉన్న మర్యాద, పసిబిడ్డను మోసే ఆడమనిషికి లేదా?

మొన్న ఎండాకాలంలో, పనిమనుషుల్ని కుదిర్చే ఆఫీసువాళ్లు ఒకామెను పంపారు. అన్నమయ్య జిల్లా మనిషి. అంతకుముందు చేరిన ఇంటి నుంచి తిరిగొచ్చేసింది. ఈ ఇల్లు కూడా వద్దంటే టికెట్టు తీసి ఊరికి పంపేస్తామని ఆఫీసులో ముందే చెప్పారట. వంటగదిలో ఆమెను నిలబెట్టి, మామా కుర్చీలో కూర్చుని మొదలుపెట్టింది. వంట వచ్చా? మొగుడు ఏం చేస్తాడు? రోజూ ఫోన్ చేస్తాడా? చిన్నపిల్ల తలపుకొచ్చి ఏడుస్తావా? ఆ తర్వాత నన్ను చూసి, "ఈ నెల బయట చేరిందా, కడుపుతో ఏమైనా ఉందా, అడుగు" అంది.

"ఈ ప్రశ్న నేను మోయను మామా!" అని అరిచాను. గిన్నెలు అదిరాయి. మామా లేచి నిలబడింది.

ఎగైలా మాల్ బయట స్నేహితుల దగ్గర నేను ఇలాగే చెప్పుకుంటాను. గిన్నెలు అదరలేదు. నేను గొంతు సవరించుకున్నాను, అంతే. "ఒంట్లో బాగుండాదా అని అడగతాంది పాపా" అన్నాను.

ఆమె తల వంచుకునే మెల్లగా, "ఆమె అడిగింది అది కాదు గదా పెద్దాయనా. నాకు అరబ్బీ వచ్చు" అంది.

"మరి చెప్పలేదేం?"

"ఆఫీసోడు చెప్పొద్దన్యాడు. ఇంట్లో మాటలు అర్థమయ్యేటోళ్లను పెట్టుకోరంట. అంతా సరిగ్గానే ఉండాదని చెప్పు. నాదీ ఒక మాట అడుగు. పండుకునే గదికి లోపల గడియ ఉండాదా? ముందింట్లో అది ల్యాకనే నేను తిరిగొచ్చింది."

నేను మామా వైపు తిరిగి, అంతా సరిగ్గానే ఉందన్నాను. "గది ఎక్కడ అని అడుగుతోంది" అన్నాను.

"మెట్ల కింద" అంది మామా.

ఆమె నన్ను ఒక్క చూపు చూసింది. తర్వాత తనే, చక్కని అరబ్బీలో, గడియ ఉందా అని అడిగింది.

"గడియా? నా కొడుకుల గురించి ఏమనుకుంటున్నావు?" అని మామా లేచింది. కొడుకుల మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు. మగవాడి ముందు ఒక ఆడదాని నెలసరి గురించి అడిగించిన నోటికి గడియ మాట అవమానమైంది! "అరబ్బీ రానట్టు నాటకం వేశావు. ఖలాస్. దీన్ని ఆఫీసులో దింపిరా."

తాళాలు బల్ల మీద విసిరికొట్టి ఉద్యోగం మానేస్తానన్నాను. ఇదీ మాల్ బయటి మాటే. నేను ఈ దేశంలో ఉండటానికి ఇచ్చిన కాగితం, నా ఇఖామా, ఆ ఇంటి మీద ఉంది. మామా "యల్లా" అని తొందరపెట్టగానే కారు తీశాను.

దారిలో ఆమె ఏడవలేదు. "ఇప్పుడన్నా చెప్పు పెద్దాయనా. ఆ గదికి గడియ ఉండాదా, ల్యాదా?"

"ల్యాదు పాపా."

"నీకు ముందే తెల్సునా?"

"తెల్సు."

"ఆ మాట నాతో తెలుగులో అక్కడే అనింటే అయిపోయేది గదా! ఆమెను అడగాల్సిన పనేముండె? నోరు మూసుకోని పనిలో చేరి, నేనే ఒక గడియ కొనక్కొచ్చి కొట్టుకోనుందును."

అది నాకు తట్టనే లేదు. ఇన్నేళ్లుగా ప్రశ్నల్ని మామా దగ్గరికి, మామా దగ్గరి నుంచి మోసి మోసి, నాకు తెలిసినదానికి నేనే జవాబు చెప్పొచ్చన్నది మరిచిపోయాను. మామా మీద వచ్చిన కోపమంతా స్టీరింగు మీద చూపించుకుంటూ పోయాను. ఆఫీసు గుమ్మంలో ఆమె దిగి, తన సంచి తనే తీసుకుని, వెనక్కి చూడకుండా మెట్లెక్కింది.

ఆ వారమే ఆమెను ఊరికి పంపించేశారు. మెట్ల కింద గదిలోకి ఇప్పుడు ఇంకొకామె వచ్చింది. ఆమె ఏ ప్రశ్నా అడగలేదు. రాత్రిపూట తలుపు దగ్గరికి వేసి, వెనక ఇస్త్రీ బల్ల అడ్డం పెట్టుకుని పడుకుంటోంది.