తోక ఊడిన డ్రాగనూ, నా అనుమానమూ

ఆ రోజుల్లో, అంటే రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉండి నాకు ఇరవై మూడేళ్లున్న రోజుల్లో, నేను మనుషుల్ని నమ్మడం దాదాపు మానేశాను. పెద్ద దెబ్బేమీ తగల్లేదు. రిసెప్షనిస్టు ఉద్యోగం వదిలేసి, పద్మారావు నగర్‌లో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఊలుతో క్రోషియా బొమ్మలు అల్లి, హస్తకళల ఎగ్జిబిషన్లలో అమ్మకానికి పెట్టాను, అంతే. అక్కడికొచ్చే ఆడవాళ్లు బొమ్మను తిరగేసి, కుట్లు లెక్కపెట్టి, సెల్‌ఫోన్లో ఫొటో తీసుకుని, "ఇట్లాంటివి మా కోడలు సుత చేస్తదమ్మా" అని వెళ్లిపోయేవారు. రెండు నెలలకు నా ఏనుగే, అదే వంకర తొండంతో, పక్క స్టాల్లో కనిపించింది. అప్పటినుంచి బొమ్మ ముట్టుకున్న ప్రతివాళ్లూ నా కళ్లకు దొంగలే. (కొన్నవాళ్లు కూడా. ఇంటికి తీసుకెళ్లి ఊలు విప్పి నేర్చుకుంటారని.)

చివరికి నాన్న, "ఈసారి కూడా సంచి నిండుగా తిరిగొస్తే సోమవారం నుంచి బోయిన్‌పల్లిలో బాబాయి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కూర్చోమ్మా" అన్నారు. నెమ్మదిగా అన్నారు. కోప్పడి ఉంటే ఎదిరించేదాన్ని. ఆ మాట వినగానే సైనిక్‌పురిలో ఉండే నా స్నేహితురాలు (మిలిటరీ ఆయన కూతురు కనుక మేము 'మేజర్' అనేవాళ్లం) ఒక ఉపాయం చెప్పింది. "ఆ చీరల స్టాళ్ల మధ్యల నీ బొమ్మలు ఎవరు కొంటరే? శనివారం ఫంక్షన్ హాల్ల కామిక్స్ పిచ్చోళ్ల మేళా ఉన్నది. అందరు వేషాలేసుకొని వస్తరు. ఆడ టేబుల్ తీసుకో." ముఖాలకు ముసుగులేసుకుని వస్తారా అని అడిగాను. "అవును, గదే కదా మజా" అంది. నాకు అందులో మజా ఏమీ కనిపించలేదు. అందుకే మా మేనత్తను కాపలాకు తీసుకెళ్లాను. గుంటూరులో లెక్కల టీచరుగా రిటైరై మా ఇంట్లోనే ఉంటున్న ఆవిడకు కాపీ కొట్టేవాణ్ణి వీపు చూసి పట్టేస్తుందని పేరు.

హాల్లో అడుగుపెడితే రెక్కలవాళ్లు, కొమ్ములవాళ్లు, అట్టముక్కల కవచాల వాళ్లు. తెల్లచీర, నల్లగొడుగు, కళ్లద్దాలతో నా పక్కన నిటారుగా కూర్చున్న అత్త దగ్గరికి ఒకమ్మాయి వచ్చి, "ఆంటీ, గెటప్ మస్తుంది. ఏ క్యారెక్టర్?" అంది. "నా క్యారెక్టర్‌కేం అమ్మా, ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క మెమో లేదు" అంది అత్త. ఆ అమ్మాయి ఫొటో తీసుకుని వెళ్లింది. అత్త నా వైపు వంగి, "ఫొటో ఎందుకంటావ్? జాగ్రత్త" అంది.

అప్పుడే ఆకుపచ్చ డ్రాగన్ వచ్చాడు. పెద్ద స్పాంజి తలకాయ, లోపలెవరున్నారో తెలియదు. నా కుందేలును తీసి, తిరగేసి, కుట్టును వేలితో తడిమి, పెట్టేసి వెళ్లాడు. పావుగంటకు మళ్లీ వచ్చి ఎలుగుబంటి పొట్ట తడిమాడు. మూడోసారి వచ్చేసరికి అత్త నా చెయ్యి గిల్లింది. "చూశావా, వాడు ఎవరికీ వీపు చూపించట్లేదు. గోడకి ఆనుకుని పీతలాగా పక్కకి నడుస్తున్నాడు. వెనకాల ఏదో దాచాడు." నిజమే. ఆ ఏనుగు, ఆ తొండం, బాబాయి ఆఫీసు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, లేచి, "ముందు ఆ తలకాయ తీయండి" అన్నాను.

తీశాడు. లోపల నలభై దాటిన మనిషి, చెమటతో అతుక్కుపోయిన మీసం. "తప్పుగా అనుకోకు బిడ్డా. కుట్టు మంచిగున్నది, సూది దారం ఉంటదేమో అడుగుదామని వచ్చిన. నోరు రాలే" అని, ఇటూ అటూ చూసి వెనక్కి తిరిగాడు. తోక రెండు పోగుల మీద వేలాడుతోంది. దానితోపాటు ప్యాంటు కుట్టు కూడా పోయింది. "నా బిడ్డ యువరాణి వేషం కట్టింది. జెరసేపట్ల స్టేజి మీదికి పిలుస్తరు. డ్రాగన్ లేకుంటే ఆమె ఎవరితోని కొట్లాడాలె?"

అత్త గొడుగు తెరిచి ఆయన వెనకాల అడ్డం పెట్టింది. నేను నేలమీద కూర్చుని, ఊలు సూదితో, ఆకుపచ్చ ఊలుతో తోక కుట్టాను. (ఒకసారి ఆయనకు గుచ్చుకుంది కూడా. మర్యాదస్థుడు, ఆయనే సారీ చెప్పాడు.) కూతురు ఆయన్ను స్టేజి మీద చంపింది, ఆయన ఎంతో సంతోషంగా చచ్చిపోయాడు. అది చూసి రెక్క చిరిగినవాళ్లు, పట్టీ తెగినవాళ్లు మా టేబుల్ ముందు వరుస కట్టారు. నేను కుడుతున్నంతసేపూ నిలబడి బొమ్మలు చూశారు, కొన్నారు. సాయంత్రానికి సంచి మడిచి చంకలో పెట్టుకునేంతయింది. నాన్న మరి ఆ ఆఫీసు మాటెత్తలేదు.

వెళ్లేముందు డ్రాగన్ మళ్లీ వచ్చాడు, ఈసారి మామూలుగా నడుచుకుంటూ. "నా బిడ్డకు నా అసొంటి డ్రాగన్ బొమ్మ చేసిస్తవా? తయారైందా అని ఫోన్ చేసి వస్త" అని నంబరు అడిగాడు. అప్పట్లో తెలియని మగవాడు నంబరడిగితే ఆడపిల్లలం చివరి అంకె మార్చి చెప్పేవాళ్లం. నేనూ అలవాటుకొద్దీ మార్చి చెప్పేశాను. ఏం చేశానో బస్సులో సగం దారిలో తట్టింది. అత్త, "ఆయన నంబరు మనమన్నా అడగాల్సింది" అంది, కిటికీలోంచి చూస్తూ.

బొమ్మ అల్లాను. మరుసటి ఏడు ఆ మేళాకు తీసుకెళ్లి, కనిపించిన ప్రతి డ్రాగన్‌నూ తల తీయమని బతిమాలాను. ఆయన లేడు. అది ఇప్పుడు నా షాపు అరలో ఉంది. ఎవరైనా ధర అడిగితే, ఆర్డరు మీద చేసిందండీ, తీసుకెళ్తారు అంటాను. ఎప్పుడని అడిగితే మాత్రం, నవ్వి, వేరే బొమ్మ చూపిస్తాను.