రెండు గంటల ఇరవై నిమిషాలు

కిలుఫ్యా మాస్టారు కాంగో దేశపు లుబుంబాషిలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ముప్పై ఒక్క ఏళ్లు భూగోళం చెప్పారు. అక్కడి నుంచి రాజధాని కిన్షాసాకు గాలిదారిలో సుమారు పదిహేను వందల డెబ్బై కిలోమీటర్లు, విమానంలో రెండు గంటల ఇరవై నిమిషాలు. ఈ లెక్క తప్పు చెప్పినవాడు ఆ పూటంతా నిలబడే పాఠం వినాలి. అంత కచ్చితమైన మనిషి విమానం మెట్టు ఒక్కసారైనా ఎక్కి ఎరగరు.

ఉద్యోగం చాలించిన రోజున పాత విద్యార్థులు చందాలేసుకుని టికెట్ కొనిచ్చారు. కిన్షాసాలో చెల్లెలు ముజింగ ఉంది. ఆమెను చూసి పదిహేడేళ్లయింది. మాస్టారు ఇస్త్రీ కోటు తొడుక్కుని, చెల్లెలు ఇష్టంగా తింటుందని ఎండు గొంగళిపురుగుల సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నారు.

గంటంబావుకే విమానం దిగింది.

"అప్పుడే కిన్షాసానా?"

"కాదండీ, దారిలో కనంగా ఊరు. అరగంట ఆగుతాం," అంది లోపల పనిచేసే అమ్మాయి.

"దేనికమ్మా?"

"పైలట్ గారి చెల్లెలి పెళ్లి."

ఎగతాళి చేస్తోందనుకున్నారు. ఇంతలో పైలటే టై సర్దుకుంటూ వచ్చాడు. "ఎండలో కూర్చుని ఏం చేస్తారు, అందరూ రండి. నాలుగు మేకల్ని కోశారు."

అలా అరవై మంది ప్రయాణికులు పెళ్లివారయ్యారు. తీరా అక్కడ, మగపెళ్లివారు కన్యాశుల్కం కింద తోలుకొచ్చిన మేకల్లో ఒకటి గుడ్డిదని పెళ్లికూతురి మేనమామ పేచీ పెట్టాడు. పేచీ తేలందే పిల్ల గడప దాటదు. పిల్ల గడప దాటందే పైలట్ కదలడు.

మాస్టారు గడియారం చూపించి కనబడ్డవాడినల్లా నిలదీశారు. పక్కన ఎముక కొరుకుతున్న బట్టతల ప్రయాణికుడు నవ్వాడు.

"నన్ను గుర్తుపట్టలేదా మాస్టారూ? ముటొంబోని. పరీక్షలో కిన్షాసాకు ఎంతసేపంటే 'చెప్పలేం' అని రాశాను. సున్నా వేశారు."

"చెప్పలేం అనేది ఒక జవాబట్రా?"

"మా నాన్న విమానాల్లో మూటలెక్కించేవాడండీ. ఆయన్నడిగే రాశాను."

మాస్టారు గడియారం చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నారు. ఆ రోజూ, మర్నాడూ పేచీ తెగలేదు. మూడోనాడు మేనమామ మేకను మళ్లీ పరీక్షించి, "సరే, రెండో కన్ను బాగానే ఉంది," అని దిగొచ్చాడు. అందరూ విమానం ఎక్కాక మాస్టారు జేబులోంచి ఎర్ర కలం తీసి, ముటొంబో టికెట్ అడిగి పుచ్చుకుని, దాని మీద పదికి ఎనిమిది వేశారు.

"రెండెందుకు కోశారండీ?"

"దూరం రాయలేదు."

కిన్షాసాలో ముజింగ ఎదురొచ్చి సంచి అందుకుంది.

"ఎంతసేపు పట్టిందన్నయ్యా?"

"గాలిలోనా, నేల మీదా?"

ఆమె ఆయన నలిగిన కోటు కేసి చూసింది. "ఇక్కడ మీకంటే గంట వెనక. గడియారం తిప్పుకో," అంది.

మూడు రోజులు పోతే పోయాయి, గంట కలిసొచ్చిందని మాస్టారి ముఖం విప్పారింది. ముల్లు వెనక్కి తిప్పారు. అన్నాచెల్లెళ్లు ఆ గంటసేపూ బయట బల్ల మీదే కూర్చుని, పదిహేడేళ్ల కబుర్లలో మొదటి రెండేళ్లవి చెప్పుకున్నారు.