రాజయ్య పెట్టిన గ్రీజు

పదవీ విరమణకు ఆరేళ్ళ ముందు, వానలు మొదలయ్యే జూన్ నెలలో, మందమర్రి నుంచి గోదావరిఖనిలోని ఒక భూగర్భ గనికి బదిలీ అయ్యాను. హోదా డిప్యూటీ ఇంజినీరు. పంపులతో పాటు ల్యాంపు రూము కూడా నా కిందే ఉండేది. గనిలోకి దిగే ప్రతి మనిషీ టోపీకి పెట్టుకునే దీపం తీసుకునేదీ, పైకొచ్చాక అప్పజెప్పేదీ ఆ గదిలోనే. అవి కాక గని లోపలి పనులు చూసే ఓవర్‌మన్లకూ, పంపు ఆపరేటర్లకూ ఇచ్చే చేతి టార్చీలు ఇరవై దాకా ఉండేవి.

గనిలో మండే గ్యాసు ఉండవచ్చు కనుక ఆ టార్చీని లోపల విప్పకూడదు. మూతకు తాళం స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పే చెవి ల్యాంపు రూము దాటిపోదు. మూత కింద గాడిలో కూర్చునే సన్నని రబ్బరు రింగును ఓ-రింగు అంటారు. నీటినీ, బొగ్గు దుమ్మునూ ఆపేది అదే. పొడిగా ఉంటే మూత తిప్పినప్పుడు మెలిపడి గీరుకుపోతుంది. అందుకని వారానికొకసారి విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి మూయాలి. మూసినవాడు రిజిస్టరులో సంతకం చేయాలి.

ఆ పని ఇద్దరు ఫిట్టర్లది. టార్చీలను చెరిసగం పంచుకున్నారు. పెద్దవాడు రాజయ్య. కోదురుపాక వైపు పల్లె నుంచి వచ్చి, ముప్పై ఏళ్ళుగా ల్యాంపు రూములోనే ఉన్నాడు. రెండోవాడు సమ్మయ్య, మాటకారి. రాజయ్య ఈ మధ్యనే పోయాడు. ఆయన గురించి అందరూ చెప్పుకున్న మాటల్లో ఈ సంగతి రాలేదు. అందుకే రాస్తున్నాను.

జులైలో టార్చీల్లోకి నీళ్ళు రావడం మొదలైంది. ఒక పంపు ఆపరేటరు తన టార్చీని నా బల్ల మీద వంచి, చెంచాడు నల్లనీళ్ళు ధారగా పోసి చూపించాడు. రిజిస్టరు తెప్పించాను. పాడైనవన్నీ రాజయ్య సంతకం ఉన్నవే. సమ్మయ్యవి ఒక్కటీ లేదు. ఇంకేం ఆలోచించలేదు. గ్రీజు పెట్టడంలో నిర్లక్ష్యం వహించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని మెమో రాసి సంతకం చేశాను.

హెడ్ ఫిట్టరు పదోన్నతుల జాబితా ఆ నెలాఖరుకు వెలువడాల్సి ఉంది. ఫైల్లో మెమో ఉన్నవాడి పేరు అందులో ఉండదు. రాజయ్యకు అదే ఆఖరి అవకాశం. ఆ తర్వాతి జాబితా వచ్చేసరికి ఆయన సర్వీసే ఉండదు.

రాజయ్య మెమో పట్టుకుని నేరుగా నా గదికి వచ్చాడు. "సారూ, పని రాదనుండ్రి, పడత. గ్రీజు పెట్టలేదంటె మాత్రం ఒప్పుకోను. నా అంగీలు ఉతికి ఉతికి మా ఇంటిది రోజు తిడుతది. జర ఆమెనడుగుండ్రి, గ్రీజు పెడుతున్ననో లేదో" అన్నాడు.

అప్పుడు లేచి ల్యాంపు రూముకు వెళ్ళాను. మెమోకు ముందే వెళ్ళవలసింది. ఆయన మూసిన ఒక టార్చీ విప్పించాను. రింగు గ్రీజులో మునిగి ఉంది. పైగా గాడిలో ఇమడక బయటికి ఉబ్బి, మూత అంచున నలిగి తెగింది. మూత బిగుతుగా తిరుగుతోందని ఆయన వారం వారం గ్రీజు ఇంకా పెంచుతూ వచ్చాడు.

మరి నీవెందుకు పాడవలేదని సమ్మయ్యను అడిగాను. మెమో ఇవ్వనని మాట ఇస్తే గాని నోరు విప్పలేదు. "నాకు గ్రీజంటెనే గిట్టది సార్. చేతులు గలీజయితయని గుడ్డతోటి తుడిసి మూసేస్తున్న."

స్టోర్సులో అడిగితే, ఆ వానాకాలం కొత్త పొట్లాల రింగులు వచ్చాయన్నారు. రబ్బరు రకం మారింది, మాకెవరికీ చెప్పలేదు. పాత రింగు నైట్రైల్ రబ్బరుది, పెట్రోలియం గ్రీజును తట్టుకుంటుంది. కొత్తది ఈపీడీఎం అనే రకం. నీటికీ వేడికీ గట్టిది గాని, పెట్రోలియం నూనె తగిలితే పీల్చుకుని ఉబ్బుతుంది.

ఇదంతా పుస్తకాల్లో చదివినది. అది సరిపోదు, కళ్ళతో చూడాలి. క్యాంటీను నుంచి నాలుగు చాయ్ గ్లాసులు తెప్పించాం. ఒకదానిలో రాజయ్య పెడుతూ వచ్చిన పెట్రోలియం మెషీను గ్రీజు, ఒకదానిలో వాజలీను, మూడోదానిలో సమ్మయ్య తలకు రాసుకునే కొబ్బరినూనె, నాలుగోదానిలో ఎలక్ట్రికల్ సెక్షను నుంచి అడిగి తెచ్చిన సిలికాను గ్రీజు వేసి, ఒక్కో కొత్త రింగు నానబెట్టాం. రెండో రోజే క్యాంటీను మల్లేశం వచ్చాడు. "గ్లాసులు వాపస్ ఇస్తరా సార్, లేకుంటె నన్నే గిట్ల రబ్బరు చాయ్ అమ్ముకొమ్మంటరా?"

ఐదో రోజు రింగులను తీసి తుడిచి, కొత్త రింగు పక్కన పెట్టాం. గ్రీజులోదీ, వాజలీనులోదీ బాగా పెరిగాయి. కొబ్బరినూనెలోది కొద్దిగా మెత్తబడింది. సిలికాను గ్రీజులోది తేడా లేకుండా అలాగే ఉంది. రాజయ్య ఉబ్బిన రింగును కాసేపు వేళ్ళ మధ్య తిప్పాడు.

"అంటె నేను పెట్టినకొద్దీ ఇది ఉబ్బిందా సారూ?"

అవునన్నాను. ఆయన సమ్మయ్య వైపు తిరిగాడు. "చేసినోనికి మెమో, చెయ్యనోనికి మంచిపేరు. నీ నసీబు బాగున్నదిరా సమ్మిగా!"

"గందుకే అన్నా, నేను దేనికీ తొందరపడ" అన్నాడు సమ్మయ్య.

ఆ ధీమా ఎక్కువసేపు నిలవలేదు. అతని టార్చీలు విప్పిస్తే రెండు రింగుల మీద గీతలు కనిపించాయి. దసరా దాకా కూడా ఆగేవి కావు. గ్రీజు లేకపోవడం కూడా తప్పే. సిలికాను గ్రీజునే వాడాలని నిర్ణయించి పద్ధతి రాసిపెట్టాను: రింగు మీద మెరుపు కనిపించేంత పలచగా చాలు, ఎక్కువైతే బొగ్గు దుమ్ము అంటుకుని గరుకుగా రాపాడుతుంది. బ్యాటరీ తాకే రేకులకు అసలు తగలకూడదు. రింగే సిలికాను రబ్బరుదైతే ఈ గ్రీజు కూడా పనికిరాదు. కాబట్టి కొత్త పొట్లం వచ్చినప్పుడల్లా ముందు ఒక రింగును నానబెట్టి చూడాలి.

మెమో వెనక్కి తీసుకోవాలంటే కారణం రాయాలి. తప్పు ఎవరిదని మేనేజరు అడిగారు. చూడకుండా సంతకం చేసింది నేనే అన్నాను. ఆయన నవ్వి, అదే రాయమన్నారు. "సదరు ఫిట్టరు గ్రీజును క్రమం తప్పకుండా పెట్టినట్లు తేలింది. లోపం గ్రీజు ఎంపికలోనిది. విచారించకుండా మెమో జారీ చేసిన బాధ్యత నాది" అని రాసిచ్చాను. నెలాఖరు జాబితాలో రాజయ్య పేరు వచ్చింది.

రిజిస్టరు పని ఎవరు చేశారో చెబుతుంది, ఏం జరిగిందో చెప్పదు. మిగిలిన ఆరేళ్ళలో, పాడైన వస్తువును బల్ల మీద పెట్టించి విప్పి చూశాకే కలం తీశాను. నేను రాసిన మెమోలు సగానికి తగ్గాయి.