నీలి వెలుగులో శెనగ్గింజలు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు నన్ను అనంతపురంలోని ఒక ఆహార పరీక్షల ల్యాబుకు సీనియర్ అనలిస్టుగా వేశారు. ఆ ఏడు శెనక్కాయ, అంటే వేరుశెనగ, గింజ పట్టే వేళకు వాన మొహం చాటేసింది. అట్లాంటి కరువు ఏడాదిలో కాయకు భూమిలోనే ఒక బూజు తగులుకుంటుంది. అది వదిలే విషం పేరు అఫ్లాటాక్సిన్. అది లివర్‌కు, అంటే కార్జానికి, కాన్సర్ తెస్తుంది.

శింగనమల వైపు నుంచి ఓబులేసు అనే రైతు, తల్లి లింగమ్మతో కలిసి శెనగ్గింజల మూట పరీక్షకు తెచ్చాడు. కొంత విత్తనానికి దాచుకుని మిగతావి అమ్మాలని వాళ్ల ఆలోచన. గింజలు శుభ్రంగా తేలాయి. లింగమ్మ సంతోషంగా సద్ది విప్పి, జొన్నరొట్టె మీద ఇంత ఊరిబిండి వేసి నా చేతిలో పెట్టింది. వేయించిన శెనగ్గింజలతో నూరే పచ్చడి అది. ఏ గింజలతో నూరారని అడిగాను. పాడు అలవాటు, తిండి ముందు కూర్చున్నా ఆరా తీయకుండా ఉండలేను.

"మంచివి అమ్మకానికి, విత్తనానికి తీస్తాం గదప్పా. ముడతలు పడినవి, బూజు పట్టినవి ఇంటికి. ఏంచి నూరితే ఏం తెలుస్తాది? నా మనమరాలు దినామూ ఇదే కావాలంటాది" అనింది.

రొట్టె పక్కన పెట్టేశాను. ఈ విషం వేయించినా సాంతం పోదు. ఆ తాలు గింజలు తెమ్మంటే మర్నాడు ఇద్దరూ తెచ్చారు.

గింజలు పొడి చేసి, రసాయనంలో కుదిపి, వడగట్టి, ఆ రసం చుక్కను పూత పూసిన గాజు పలక మీద పెడతాం. పోల్చడానికి పక్కనే అసలు విషం చుక్క ఒకటి. పలక అడుగున ద్రావకం పోస్తే అది పైకి పాకుతూ దేనికది విడదీస్తుంది. తర్వాత చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద చూడాలి. ముగ్గురం కళ్లద్దాలు పెట్టుకున్నాం.

దీపం వేయగానే రెండు చుక్కలూ ఒకే ఎత్తున నీలంగా వెలిగాయి, అంటే తాలు గింజల్లో విషం ఉన్నట్టే. అబ్బ, ఎంత అందం! ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. కంటికి ఆనని, నాలుకకు తెలియని విషం అట్లా మెరుస్తూ కనబడటం ఎంత వింత!

"దీపానికి అద్దాలెందుకప్పా?" అనింది లింగమ్మ.

ఎండలో ఉండేదీ ఈ వెలుతురేననీ, కళ్లకు చేటనీ, ఇదీ ఆ విషమూ కాన్సర్ కారకాల జాబితాలో ఒకే మొదటి వర్గంలో ఉన్నాయనీ చెప్పాను.

"అయితే రెండూ ఒకటేనా? పుట్టినప్పట్నుంచీ ఎండలోనే ఉండాం గదప్పా!"

మనుషుల్లో కాన్సర్ తెస్తుందని రుజువు ఎంత గట్టిగా ఉందో దాన్నిబట్టే వర్గాలు పెడతారని వివరించాను. మొదటి వర్గమంటే రుజువు పూర్తయినట్టు. తర్వాతవి "చాలావరకు తేవచ్చు", "తేవచ్చునేమో" అనేవి. తేల్చలేనివి చివర్న ఉంటాయి. ఏది ఎంత ఉగ్రమైనదో వర్గం చెప్పదు. ఎంత తిన్నాం, ఎన్నాళ్లు తిన్నాం అన్నది వేరే లెక్క. పాపకు జబ్బు వచ్చేసిందని అర్థం కాదనీ, రోజూ తింటే మాత్రం కార్జానికి ముప్పు పెరుగుతుందనీ అన్నాను.

"ఎండను ఆపలేను. దీన్ని ఆపచ్చు" అనింది ఆమె.

తాలు గింజలు ఎనుముకు పెడతానన్నాడు ఓబులేసు. వద్దు, పాలలోకి దిగుతుందన్నాను. ఈలోగా లింగమ్మ, పరీక్షకు పోగా మిగిలిన మంచి గింజల మూట విప్పి రెండు దోసిళ్లు కొంగులో పోసుకుంది.

"అమ్మా, విత్తనమది!" అని అరిచినాడు కొడుకు.

"విత్తనం యాడన్నా దొరుకుతాది. పాపకు ఇంగో కార్జం యాడ తెస్తావురా?"

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంత కాలం, ఏ రైతు సాంపిల్ తెచ్చినా, అమ్మే గింజలతోపాటు ఇంట్లో తినేవి కూడా ఓ గుప్పెడు తెమ్మనేవాణ్ణి.