దీవికి పంపిన తడి మిరపకాయలు

గుంటూరులో మిరపకాయలు ఎగుమతి చేసే ఒక షావుకారు దగ్గర ఏడేళ్ళు గుమాస్తాగా పనిచేశాను. అంతర్యుద్ధం అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండడం అక్కడే మొదలైంది. పేరుకేమో ఒక ఇంటివాళ్ళ గొడవ. తుపాకులు ఒక దేశానివి, వాటికి డబ్బు ఎక్కడో చలిదేశాల్లో స్థిరపడ్డవాళ్ళది, రాజీ చెయ్యడానికొచ్చిన పెద్దమనుషులు మరో దేశంవాళ్ళు. రెండు పక్షాల కూరల్లోకీ కారం మాది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. శ్రీలంక చుట్టూ అలా చుట్టలు పట్టుకుని నిలబడ్డవాళ్ళలో మా షావుకారొకడు. ఆయన చుట్టలకట్ట మోసేవాణ్ణి నేను.

ఆయనకు సిద్ధాంతాలకేం కొదవలేదు. సంధి కుదిరి తమిళులుండే ఉత్తరానికి రోడ్డు తెరిచిన రోజుల్లో, "పాపం తమిళోళ్ళండీ, మనోళ్ళే గదా" అని కండువాతో కళ్ళొత్తుకునేవాడు. సింహళీయులుండే దక్షిణం నుంచి పెద్ద ఆర్డరొస్తే, "గవర్నమెంటన్నాక అణచకపోతే ఎట్టాగండీ" అనేవాడు. పొద్దున్నే పేపర్లో ఎంతమంది పోయారో వేలు పెట్టి చదివి, "అయితే రేటు కదులుద్ది" అని టీ తెప్పించేవాడు. మిర్చి యార్డు బయట టీకొట్టు దగ్గర వ్యాపారులందరిదీ అదే తీరు. ఆ దీవిని మ్యాపులో చూపించమంటే సగంమంది బర్మా మీద వేలు పెట్టే రకం. యుద్ధం గురించి మాత్రం సేనాధిపతుల్లా మాట్లాడేవాళ్ళు.

ఎండాకాలంలో మిరపకాయ పెళుసెక్కి, ముట్టుకుంటే విరుగుతుంది. అందుకని రాశి మీద నీళ్ళు చిలకరించి, పట్టా కప్పి, తెల్లారాక బస్తాల్లో తొక్కుతారు. అది ఊరంతా చేసే పనే. మా షావుకారు చిలకరించేవాడు కాదు, పోయించేవాడు. కాయ కోసం కాదు, తూకం కోసం.

ఆ పని చేసే ముఠాకి పెద్ద, కనిగిరి వైపు నుంచి వానల్లేక వలసొచ్చిన ఒకావిడ. యాభై దాటిన మనిషి. ఆవిడ వెంట వచ్చిన పదకొండుమంది ఆడవాళ్ళూ గోడౌను వెనక రేకుల షెడ్డులోనే ఉండేవాళ్ళు. పని పోతే నీడ కూడా పోతుంది వాళ్ళకి.

ఒక వేసవి చివర్లో సంధి చెడేలా ఉందని పేపర్లు రాశాయి. ఉత్తరానికి దారి మూసేలోగా సరుకు దాటించెయ్యాలని షావుకారు కంగారుపడ్డాడు. లారీలు వచ్చే ముందు రోజు సాయంత్రం రాశి పక్కన నిలబడి, "ఇంకో నాలుగు బిందెలు పొయ్యి" అన్నాడు.

"దూరం పొయ్యే సరుకయ్యా. దారిలో ఆగిందంటే బూజు పడుద్ది" అంది ఆవిడ.

"ఏమీ ఆగదు. నీకెందుకే, పొయ్యి."

పోసింది. నేను పుస్తకం పట్టుకుని నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ప్రతి మాటా విన్నాను.

సరుకు సముద్రం దాటింది, కొలంబో దాటింది. ఉత్తరానికి వెళ్ళే రోడ్డు మీద ఉండగా యుద్ధం మళ్ళీ అంటుకుని దారి మూసేశారు. లారీలు వారాల తరబడి అక్కడే నిలిచిపోయాయి. బస్తాలు విప్పితే లోపల నల్లటి బూజు. సరుకు తెప్పించుకున్న అక్కడి వర్తకుడు ఫోన్ చేసి, రోడ్డుకి అవతల తన అక్కాచెల్లెళ్ళున్న ఊళ్ళో ఉప్పూ కారం దొరకడం లేదని ఏడ్చాడు. ఇంగ్లీషులో విని తెలుగులో చెప్పడం నా పని. షావుకారు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "దొరకట్లేదంటే ఇప్పుడు రేటెంత ఉందో అడుగు" అన్నాడు. నేను అడిగాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా నోరు నాకే అసహ్యం.

తడి ఎలా వచ్చిందో వర్తకుడికి రాతపూర్వకంగా చెప్పుకోవాలి కదా. కూలీల ముఠా పొరపాటని, వాళ్ళని తీసేశామని రాయమన్నాడు షావుకారు. రాసింది అబద్ధం కాకుండా ఉండాలని ఆ పూటే తీసేశాడు. అంత నిజాయితీపరుడు. మధ్యాహ్నానికల్లా మిరప గోడౌన్లన్నిటికీ కబురు పాకింది. సరుకు చెడగొట్టిన ముఠా అని ఎవరూ గుమ్మం తొక్కనివ్వలేదు.

సాయంత్రం ఆవిడ గేటు దగ్గరికొచ్చి నన్ను పిలిపించింది. వెనక పదకొండుమందీ మూటలతో నిలబడి ఉన్నారు.

"నువ్వు ఆడే ఉండావు గదయ్యా. నేను వద్దన్న మాట నీ చెవిన పడింది. ఆ ఒక్క ముక్కా చెప్పు. మాకు ఇంకో గోడౌన్లో పని దొరుకుద్ది."

నాకున్నది ఒక్క ఉద్యోగం. షావుకారు రోజూ అనే మాటే నా నోట్లోంచి వచ్చింది. "అక్కడ యుద్ధం వచ్చిందమ్మా. దానికి మనమేం చేస్తాం?"

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"యుద్ధం వచ్చి పోసిందా అయ్యా, నీళ్ళు?"

మూట నెత్తికెత్తుకుని బస్టాండు వైపు నడిచింది, మిగతావాళ్ళు ఆవిడ వెనకే. నేను లోపలికొచ్చి ఉత్తరం పూర్తిచేశాను. తప్పంతా కూలీలదని రాసి, చివర ఒక వాక్యం, ఎవరూ చెప్పకుండానే, నా అంతట నేను చేర్చాను. మీ దేశంలో త్వరలో శాంతి నెలకొనాలని మేమందరం ప్రార్థిస్తున్నాం అని. షావుకారు చదివించుకుని విని, చాలా బాగుందన్నాడు.