పౌడర్ పూసుకోని పాటలు

భూపాలపల్లిలో నేను పనిచేసే బ్యాంకు వెనక స్కూటర్లు పెట్టుకునే రేకుల షెడ్డు ఒకటి ఉంది. మొన్న మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా దాని మీద వాన మొదలైంది. ముందు అక్కడొకటి ఇక్కడొకటి చినుకులు, తర్వాత ఒక్కసారిగా కుండపోత. పక్కన కూర్చున్న సహోద్యోగి ఇంటి దగ్గర ఆరేసిన బట్టల గురించి కంగారు పడింది. నేను మాత్రం గిటార్ కోసం ఎదురుచూశాను. రేకుల మీద వాన పడిన కాసేపటికి సన్నగా గిటార్ వినపడాలి, ఒక కుర్రాడు గొంతు సవరించుకుని పాట ఎత్తుకోవాలి. నా చెవులకు అలా అలవాటైపోయింది. గిటార్ రాలేదు. డబ్బా మూత మళ్లీ పెట్టేశాను. మా అత్తమ్మ గుర్తొచ్చింది.

అత్తమ్మ అంటే నా భర్త తల్లి కాదు, మా బాపు చెల్లెలు స్వరూప. జనగామలో మాకు కిరాణా దుకాణం ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక పరదా. ఆ పరదాకు ఇవతల కూర్చుని అత్తమ్మ రేడియోలో వచ్చే పాటలను క్యాసెట్ల మీదికి ఎక్కించేది. మా ఇంట్లో రేడియో వేరు, టేప్ రికార్డర్ వేరు. రెండింటినీ కలిపే తీగ ఒకటి ఉంటుందని ఎవరికీ తెలియదు. కాబట్టి రేడియో ముందు టేప్ రికార్డర్‌ను కూర్చోబెట్టి, రెండు బటన్లు కలిపి నొక్కి, "ఎవ్వలన్న కిక్కురుమన్నరో, సూడుండ్రి!" అని ఇంటిల్లిపాదినీ బెదిరించేది. ఇంట్లోవాళ్లం నోరు మూసుకునేవాళ్లం. దుకాణం నోరు ఎవరు మూస్తారు? తక్కెడ చప్పుడు, బేరాలు, గేదెను అదిలించే గొంతులు, అన్నీ ఆ పాటల్లోకి వచ్చి కూర్చునేవి. వాటన్నింటిలోకీ మా ఇంట్లో పేరు మోసింది ఒకటుంది. ఒక ప్రేమ పాటలో నాయిక ఏదో అడిగి ఆగుతుంది. వయొలిన్లు రావడానికి ముందు చిన్న ఖాళీ. సరిగ్గా అక్కడ పరదా అవతలి నుంచి మా బాపు గొంతు గంభీరంగా పలుకుతుంది: "శక్కరి అయిపోయిందా?"

నేను పుట్టి పెరిగింది ఆ క్యాసెట్లు వింటూనే. అందుకే ఆ మాట పాటలో భాగమనే అనుకున్నాను. ఒకసారి నర్మెట్టలో చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు బ్యాండువాళ్లు అదే పాట వాయించారు. నాకు ఒళ్లంతా చెవులే. ఖాళీ వచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు. ఇంతమందిలో ఒక్కరికీ పాట పూర్తిగా రాదా అని నాకు జాలేసింది. నేనే గొంతెత్తి "శక్కరి అయిపోయిందా?" అని అరిచాను. వంటల దగ్గరున్న పెళ్లికొడుకు మేనమామ నిజంగానే పరేషానై సామాన్ల గది వైపు పరుగు తీశాడు. బాపు తల దించుకున్నాడు. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని సంగతి చెప్పింది.

"బిడ్డా, ఆ మాట పాటది కాదే. మీ బాపుది."

"మరి వేరేటోళ్ల ఇండ్లల్ల ఆ జాగల ఏముంటది?"

"ఏముండది. ఉత్తగనే ఉంటది."

వేరేవాళ్ల ఇళ్లలో ఆ పాట వినే పిల్లలను తలుచుకుని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అత్తమ్మకు మహబూబాబాద్ సంబంధం కుదిరింది. ఎరువుల దుకాణం ఉన్న మామయ్య, రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో మేడ ఇల్లు. క్యాసెట్లన్నీ ఒక రేకు పెట్టెలో సర్దుకుని అత్తారింటికి తీసుకుపోయింది. ఎండాకాలం సెలవులు రాగానే నేను ప్యాసింజరు బండెక్కి ఆవిడ దగ్గరికి చేరేదాన్ని. అప్పటికి బజారులో మంచి మంచి క్యాసెట్లు, తర్వాత సీడీలు దొరుకుతున్నాయి. మామయ్య సరదాపడి కొనిచ్చేవాడు. అత్తమ్మకు ఒక పట్టింపు ఉండేది. పాట చివరిదాకా వినకుండా బాగుందనీ బాగాలేదనీ అనకూడదు. మధ్యలో నేను నోరు తెరిస్తే చేత్తో నా మూతి మూసేది. పాట అయ్యాక మాత్రం ఎవరినీ వదిలేది కాదు. వాయిద్యాలు ఎక్కడివక్కడ సర్దినట్టుండి, గాయని ఊపిరి పీల్చిన చప్పుడు కూడా వినపడని పాటలంటే ఆవిడకు గిట్టదు. "గిది పౌడర్ పూసుకున్న పాటనే" అని తేల్చేసేది. "మంచిగనే ఉన్నది. కని ఏ ఇంట్ల కూసోని పాడిండ్రో తెలుస్తలేదు." మా ఇంట్లో అది మాటగా స్థిరపడిపోయింది. ఎక్కువ అలంకరించుకుని పెళ్లికొచ్చిన బంధువుల్ని కూడా మేము చాటుగా పౌడర్ పాటలనే అనుకునేవాళ్లం.

హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నప్పుడు సినిమాలతో సంబంధం లేని బ్యాండ్ల పాటలు నా చెవిన పడ్డాయి. నలుగురు కుర్రాళ్లో, ఇద్దరు అమ్మాయిలో కలిసి ఒక గదిలో రికార్డు చేసుకుని ఇంటర్నెట్‌లో పెట్టుకునేవి. మా గదిలో అమ్మాయిలకు అవి నచ్చేవి కావు. ఫ్యాను చప్పుడు వినపడుతోందని, కుర్చీ కిర్రుమందని వంకలు పెట్టేవారు. నాకు ఆ కిర్రు వింటే ప్రాణం లేచొచ్చేది. జనగామలో పరదా ఇవతల కూర్చున్నట్టే ఉండేది. ఆ సంతోషం చెప్పుకోవడానికి నాకు ఒక్క మనిషే తోచింది. అత్తమ్మకు ఫోన్ చేసి, కంప్యూటర్ స్పీకర్ దగ్గర ఫోన్ పెట్టి వినిపించాను. అంతా చివరిదాకా విని అడిగింది.

"గిది ఏ సినిమాలదే?"

"సినిమాల లేదత్తమ్మా."

"సినిమా లేకుంటే పాటెందుకు పుట్టింది?"

"వాళ్లకు పాడబుద్ధయ్యి పాడుకున్నరు, గంతే."

"అట్లనా! గట్లయితే ఇంకోటి పెట్టు" అంది.

అప్పటి నుంచి మా మధ్య అదొక వ్యసనమైంది. కొత్త బ్యాండు ఏది దొరికినా ముందు అత్తమ్మకు వినిపించాలి. భాష అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ఏ ఊరివాళ్లు, ఏ గదిలో పాడారు, వెనక దగ్గిందెవరు, అవే ఆవిడ ప్రశ్నలు. జవాబులు నాకు తెలిస్తే చెప్పేదాన్ని, తెలియకపోతే కల్పించేదాన్ని. కల్పించినప్పుడు కనిపెట్టేసేది.

బాపు గుండెపోటుతో పోయినప్పుడు మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ కుంగిపోయింది అత్తమ్మే. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ రోజూ పొద్దున ఫోన్‌లో మాట్లాడుకునేవారు. పత్తి ధర, కూరగాయలు, ఎవరెవరు పోట్లాడుకున్నారు, అలాంటివే. కర్మకాండలయ్యాక ఆవిడ పాటలు మానేసింది. మానేయడమంటే మామూలుగా కాదు. ఇంట్లో టీవీ గొంతు తగ్గించేసింది. గుడి మైకులో పాట వస్తే కిటికీ రెక్క వేసేసేది. క్యాసెట్ల పెట్టె అటక మీదికి ఎక్కింది. నేను ఫోన్ చేసి కొత్త బ్యాండు గురించి ఎత్తితే "మీ అమ్మ ఎట్లున్నది?" అని మాట మార్చేది. నాకు భయమేసింది. బాపు పోయాడు, సరే, అది ఎవరి చేతిలోనూ లేదు. ఆయనతో పాటు అత్తమ్మ కూడా కొంచెం కొంచెంగా పోతోందనిపించింది. పాటలు వినని స్వరూపత్తమ్మ ఎలా ఉంటుందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. భూపాలపల్లి నుంచి సెలవు దొరికినప్పుడల్లా బస్సులు మారి మహబూబాబాద్ వెళ్లేదాన్ని. ఫోన్‌లో పాట పెట్టేదాన్ని, ఆవిడ లేచి వేరే గదిలోకి పోయేది. ఒకసారి గట్టిగానే అడిగాను.

"వాటిల్ల ఎక్కడన్న మా అన్న గొంతినపడ్తదేమోనని భయమైతదే" అంది. "నాతోని కాదు బిడ్డా."

"గివి కొత్త పాటలు అత్తమ్మా. వీటిల్ల బాపు ఎట్లుంటడు?"

"ఉండడు. గదే గద బాధ."

అయినా నేను వదల్లేదు, మొండితనంలో ఆవిడ మేనకోడలినే కదా. బయ్యారం దగ్గరి కుర్రాళ్ల బ్యాండు ఒకటి అప్పుడే దొరికింది. పేరు చెప్పను, నాలుగు నెలలకోసారి వాళ్లే మార్చుకుంటుంటారు. మన మాటల్లోనే రాసుకుని, గిటార్‌తో పాటు డప్పు కూడా కొడతారు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం అత్తమ్మ వంటింట్లో ఉండగా, నేను ముందుగదిలో స్పీకర్ పెట్టుకుని నాకోసమే అన్నట్టు ఆ పాట వేసుకున్నాను. పాట వానతో మొదలవుతుంది. రేకుల మీద ధారగా కురిసే వాన. అంతే, వంటింట్లో గిన్నె కింద పడిన చప్పుడు, "ఓ నీ యవ్వ! మిరపకాయలు తడుస్తున్నయే!" అన్న కేక, మెట్ల మీద దడదడ. అత్తమ్మ ఆ మోకాళ్ల నొప్పులతోనే మేడ మీదికి పరుగెత్తింది. నేనూ వెనకే పరుగెత్తాను. పైన ఎండ చిటచిటలాడుతోంది. ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా మెరుస్తున్నాయి. చాప కొస చేత్తో పట్టుకుని ఆవిడ ఆకాశం వంక చూసింది, నా వంక చూసింది. కింద స్పీకర్‌లో ఇంకా వాన పడుతూనే ఉంది.

"అది పాటలదా?" అంది.

"పాటలదే అత్తమ్మా."

"వాన ఎలిసినంక పాడుకుంటే ఏం పోయిందట వాళ్లకు?"

"రూము దోస్తుదట. సాయంత్రం ఖాళీ జెయ్యాల్నట."

ముందు చాప కొస వదిలేసింది. తర్వాత నవ్వు మొదలైంది. నర్మెట్ట పెళ్లిలో నవ్విన నవ్వే. నవ్వీ నవ్వీ అది ఏడుపయ్యింది. ఆ ఎండలో, మిరపకాయల ఘాటులో, ఇద్దరం చాప మీద కూలబడి తుమ్ముతూ ఏడ్చాం. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "పా, కిందికి. మొదటికెల్లి పెట్టు" అంది.

ఆ తర్వాత నేను వెతకనక్కర్లేకపోయింది. ఆవిడే వెతికి నాకు పంపడం మొదలుపెట్టింది. పంపే పద్ధతి మాత్రం ఆవిడదే. టీవీలో పాట పెట్టేది, దాని ముందు ఫోన్ పట్టుకుని రికార్డు చేసి, వాయిస్ మెసేజ్‌గా పంపేది. అందులో పాటతో పాటు మామయ్య తుమ్ములు, రైలు కూత, మంచి చోటు రాబోతుంటే "జర ఆగు, గిప్పుడొస్తది" అని ఆవిడ గుసగుస. చివరిదాకా వినకుండా మాట్లాడొద్దన్న పట్టింపు ఆవిడకు వర్తించదు మరి. లింకు పంపడం చాలా తేలికని, నేర్పిస్తానని ఎన్నోసార్లు చెప్పాను. "లింకు పంపితే అండ్ల నేనుండ గద!" అని కొట్టిపారేసింది. అటక మీది పెట్టె సంగతి మాత్రం ఎత్తనిచ్చేది కాదు. ఎప్పుడైనా అడిగితే, "ఇంకొన్నొద్దులు పోనీ" అనేది.

ఆ కొన్ని రోజులు రాలేదు. కిందటేడు చలికాలంలో జ్వరంతో వరంగల్ దవాఖానలో చేరింది, మళ్లీ ఇంటికి రాలేదు. దినాలయ్యాక మామయ్య ఆ రేకు పెట్టెను అటక మీంచి దించి నా చేతికిచ్చాడు. మూత మీద దుమ్ము అలాగే ఉంది. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని భూపాలపల్లి వచ్చాను. అప్పుడు నాకు అర్థమైంది, ఇక నా ఫోను కూడా అలాంటి పెట్టేనని. అత్తమ్మ పంపిన మెసేజ్‌ల వైపు వేలు పోయేది కాదు. ఆవిడ కిటికీ రెక్క ఎందుకు వేసుకునేదో నాకు అప్పటికి కానీ తెలియలేదు. రోజులు గడుస్తున్న కొద్దీ కొత్త బ్యాండ్లు వినడం కూడా తగ్గిపోయింది. మా పాప స్పీకర్‌లో ఏదైనా పెడితే, తలనొప్పి, ఆపెయ్యమ్మా అనేదాన్ని. అది ఆపేసేది. ఆపేసి నా మొహం చూసేది.

మొన్న వాన పడ్డ రోజు ఇంటికొచ్చి, చెప్పులు విడవకముందే పాపను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆవిడ పంపిన ఆఖరి మెసేజ్ నొక్కాను. ఎవరో అమ్మాయిల బ్యాండు, పాట బాగుంది, పౌడర్ లేదు. పాట అయిపోయింది. కానీ రికార్డు ఆపడం మరిచిపోయినట్టుంది, మెసేజ్ ఇంకా నడుస్తోంది. మామయ్య గొంతు వినపడింది, "ఎవలికి పంపుతున్నవే గంత పెద్దది?" అని.

"మన సుజాతకు."

"గంత సేపు ఇంటదా అది, కొలువుల పడి?"

"ఇంటది. అది మొత్తం ఇంటది" అంది అత్తమ్మ, అదేమైనా అడగాల్సిన మాటా అన్నట్టు.

పాప నా చెయ్యి పట్టుకుంది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. "ఇంకోటి పెట్టనా అమ్మా?" అని అడిగింది.

పెట్టమన్నాను.